మంచం గీశాకే గోడ: దేవరకొండ దగ్గర ఒక ఇంటి కేస్ స్టడీ

2021 డిసెంబర్‌లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు నల్గొండలోని మా ఆఫీసుకు వచ్చారు. దేవరకొండకు అవతల వాళ్ళ ఊరు. ఫోన్‌లో ఒక ప్లాన్ చూపించారు. విదేశంలో ఉంటున్న వాళ్ళబ్బాయి ఎక్కడో చూసి పంపాడట. ముందు 14 అడుగుల హాలు, అందులో ఎల్ ఆకారపు సోఫా, వెనక 10 బై 10 బెడ్‌రూం, దానికి అటాచ్డ్ బాత్‌రూం. ఊళ్ళో ఉన్న పాత మిద్దె కూలగొట్టి ఈ ప్లాన్ కట్టించాలి. "పిల్లలు వస్తే ఇబ్బంది పడొద్దు మేడం, అంతే" అన్నారు సారు.

ఇల్లు కట్టడం ఎప్పుడు మొదలుపెడదామా అన్న తొందర ఆయనది. ఒకసారి మీ ఇంట్లో రెండు రోజులు ఉండనివ్వండి అని అడిగాను. ఎందుకన్నట్టు చూశారు కానీ కాదనలేదు.

ఈ కేసు గురించి రాయడానికి కారణం ఉంది. నేను ఆర్కిటెక్ట్‌ని, ఫర్నిచర్ కూడా డిజైన్ చేస్తాను. చాలా ఏళ్ళు ఈ రెండిటినీ వేర్వేరు పనులుగానే చూశాను. ఇల్లు పూర్తయ్యాక, డబ్బులు మిగిలితే, ఫర్నిచర్ గురించి మాట్లాడేవాళ్ళం. ఈ ఇంట్లో ఆ వరస తిరగబడింది. ఒక కుర్చీ తేలిన తర్వాతే ప్లాన్ తేలింది. అప్పటి నుంచి నా పని పద్ధతే మారింది.

అంతకుముందు సంగతి కొంచెం చెప్పాలి. 2009లో హైదరాబాద్‌లో బీఆర్క్ పూర్తిచేశాను. తర్వాత ఆరేళ్ళు అక్కడే ఇంటీరియర్స్ పని. రోజూ ప్లైవుడ్, లామినేట్, మాడ్యులర్ కిచెన్. 8 బై 4 షీటులో ముక్కలు వృథా కాకుండా ఎలా కోయాలో బాగా నేర్చుకున్నాను. ఆ చదువు ఇప్పటికీ పనికొస్తుంది. కానీ ఆ ఆరేళ్ళలో నేను డిజైన్ చేసిన సోఫాలో ఎవరు కూర్చుంటారో ఒక్కసారీ చూడలేదు. డ్రాయింగ్ మెయిల్లో వెళ్ళేది, ఫోటో మెయిల్లో వచ్చేది. 2015లో నల్గొండకు తిరిగొచ్చి చిన్న ఆఫీసు పెట్టుకున్నాను. ఊళ్ళలో ఇళ్ళు, రెండు మూడు స్కూలు గదులు, మిర్యాలగూడలో ఒక క్లినిక్. ఫర్నిచర్ మీద మనసు పడింది ఇక్కడికి వచ్చాకే, అదీ మంచాలు చేసే ఒక పెద్దాయన వల్ల. ఆయన గురించి తర్వాత చెప్తాను.

ఆ రెండు రోజులు

పాత ఇల్లు బాగుంది. రెండడుగుల మందం మట్టి గోడలు, టేకు దూలాలు, వాటిమీద దంతెలు, పైన మట్టి మిద్దె. మే నెలలో బయట 44, 45 డిగ్రీల ఎండ ఉన్నా లోపల పడుకోవచ్చని సారు చెప్పారు. కానీ మూడు చోట్ల మిద్దె కురుస్తోంది. వెనక అర్ర గోడ ఉబ్బింది. ఏటా మిద్దె మీద మట్టి కప్పే మనిషి ఇప్పుడు ఊళ్ళో లేడు. బాగుచేయించడమా, కొత్తగా కట్టడమా అన్నది నేను కూడా వారం ఆలోచించాను. పునాది దగ్గర చెదలు గోడలోకి చాలా లోతుగా వెళ్ళాయి. కూల్చడమే సరైనదని ఒప్పుకున్నాను. నాకు ఇష్టంలేని నిర్ణయం అది, కానీ తప్పు నిర్ణయం కాదు.

ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో ఆ రెండు రోజులూ గంట గంటకీ రాసుకున్నాను. హాల్లో సోఫా సెట్ ఉంది, కొని మూడేళ్ళయింది. రెండు రోజుల్లో దానిమీద కూర్చున్నది నేనొక్కదాన్నే. సారు పొద్దంతా అరుగు మీద చెక్క కుర్చీలో. వచ్చిపోయే వాళ్ళకు ప్లాస్టిక్ కుర్చీలు. అమ్మ, అంటే సారు భార్య, దర్వాజ పక్కన గోడకు వేసిన ఎత్తు బల్ల మీద. ఆ బల్ల ధాన్యం బస్తాలు పెట్టుకోవడానికి ఎప్పుడో చేయించిందట.

రెండో రోజు మధ్యాహ్నం అమ్మను సోఫాలో కూర్చోమని బతిమాలాను. కూర్చున్నారు. లేవడానికి మూడుసార్లు ప్రయత్నించారు. చివరికి సారు వచ్చి రెండు చేతులూ పట్టి లేపారు.

"గీ సోఫాల కూసుంటే లేవస్తలేదు బిడ్డా. ఎవలన్న చెయ్యిస్తెనే లేస్త. గందుకే గా బల్ల మీద కూసుంట" అన్నారు.

అమ్మకు అప్పుడు 67 ఏళ్ళు. మోకాళ్ళు, నడుము బిగుసుకుపోయి ఉన్నాయి. మెడ పక్కకు తిప్పాలంటే ఒళ్ళంతా తిరగాలి. డాక్టర్లు ఫ్లోరోసిస్ అన్నారు. ఊళ్ళో అందరూ నీళ్ళ జబ్బు అంటారు. పుట్టిల్లు మర్రిగూడ వైపు, అత్తిల్లు ఇక్కడ. రెండు చోట్లా బోరు నీళ్ళే తాగారు.

నల్గొండ జిల్లా వాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం నాలుగు మాటలు. ఇక్కడి గ్రానైట్ రాతిలోంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి దిగుతుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. ఈ జిల్లాలో చాలా ఊళ్ళ బోర్లలో అంతకన్నా ఎన్నో రెట్లు ఉండేది. ఏళ్ళ తరబడి తాగితే ఎముకల్లో, కీళ్ళ చుట్టూ ఉండే నరాల్లాంటి పట్టీల్లో పేరుకుపోయి కీళ్ళు వంగవు. పటిక, సున్నం వేసి నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టుకున్నారు, నల్గొండ టెక్నిక్ అని. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. పిల్లలు బయటపడ్డారు. అమ్మ వయసు వాళ్ళ ఎముకల్లో చేరింది మాత్రం వెనక్కి పోదు.

ఆ రాత్రి అరుగు మీద పడుకుని అబ్బాయి పంపిన ప్లాన్ మళ్ళీ చూశాను. 10 బై 10 బెడ్‌రూంలో డబుల్ కాట్, అదీ ఒక పక్క గోడకు ఆనించి. అంటే అమ్మ గోడవైపు పడుకుంటే రాత్రి బాత్‌రూంకు పోవడానికి సారును దాటాలి. ఇవతలివైపు పడుకుంటే దిగడానికి ఇరుకు సందు. చెయ్యి పట్టుకునే మనిషి నిలబడేందుకు చోటే లేదు. ఆ ప్లాన్ గీసినవాళ్ళను తప్పుపట్టను. హైదరాబాద్‌లో నేను గీసినవన్నీ అట్లాంటివే.

మొదటి కుర్చీ, నా తప్పు

ముందు కుర్చీ చేద్దాం, తర్వాత ఇల్లు అని సారుతో చెప్పాను. ఆయన టీచర్ కాబట్టి వెంటనే అర్థమైంది. "ముందు పిల్లగాని చెయ్యి చూసి తర్వాత పలక కొన్నట్టు" అన్నారు.

మంచాలు చేసే పెద్దాయన ఈ కథలోకి వచ్చింది ఇక్కడే. దేవరకొండ వైపు ఊళ్ళలో 40 ఏళ్ళకు పైగా నాగళ్ళు, బండ్లు, దర్వాజలు, మంచాలు చేసిన వడ్ల మేస్త్రి, అంటే వడ్రంగి. నాగళ్ళూ బండ్లూ పోయాయి, దర్వాజలు రెడీమేడ్ అయ్యాయి. కొడుకులు హైదరాబాద్‌లో మాడ్యులర్ పని చేస్తారు. ఆయన బాడిస, ఉలి, చిత్రిక మాత్రం అట్లనే పదునుగా ఉన్నాయి.

నేను గీసిచ్చిన మొదటి కుర్చీ నాకు చాలా నచ్చిన కుర్చీ. చదువుకునే రోజుల్లో చండీగఢ్ చూడ్డానికి వెళ్ళాం. అక్కడి ఆఫీసుల కోసం 1950ల్లో పియరీ జెన్నరే, అంటే ఆ నగరాన్ని డిజైన్ చేసిన లె కార్బూజియెకు కజిన్, టేకుతో, పేము అల్లికతో చేయించిన కుర్చీలు నా కళ్ళలో ఉండిపోయాయి. తిరగేసిన వీ అక్షరంలా ఏటవాలు కాళ్ళు, వాటిమీద కూర్చునే పలక. అక్కడి వడ్రంగులే చేశారు వాటిని. ఒకప్పుడు పాత సామానుగా పారేసిన ఆ కుర్చీలే తర్వాత విదేశీ వేలంపాటల్లో లక్షల ధర పలికాయి. ఒక ఊరికి ఆఫీసులు కట్టేటప్పుడు గుమాస్తా కూర్చునే కుర్చీ కూడా ఆర్కిటెక్టే ఆలోచించాలి అన్న సంగతి నాకు అక్కడే పట్టుకుంది. అందుకే నా మొదటి కుర్చీకి ఆ ఏటవాలు కాళ్ళే పెట్టాను. కూర్చునే చోటు 15న్నర అంగుళాల ఎత్తు, వెనక్కి కొంచెం వాలు. కాళ్ళు కదలకుండా ముందు కింద ఒక అడ్డకర్ర. చేతులు సీటు అంచుకు మూడంగుళాల ముందే ఆగిపోతాయి, చూడ్డానికి తేలిగ్గా ఉంటుందని.

వేపచెక్కతో నమూనా చేయించి తీసుకెళ్ళాం. "చూడబుద్ధయితున్నది" అన్నారు అమ్మ. కూర్చున్నారు. లేవలేకపోయారు.

మేస్త్రి కింద కూర్చుని ఆమె పాదాలనే చూస్తున్నారు. కాసేపటికి అన్నారు, "మేడం, లేచేటప్పుడు మనిషి మడమలు ఎనక్కి పోతయి. మీ కర్ర అడ్డమొస్తున్నది."

నేను ఆ సంగతి పుస్తకాల్లో చదివానో లేదో గుర్తులేదు. కానీ ప్రతి మనిషీ కుర్చీలోంచి లేచేటప్పుడు పాదాలను మోకాళ్ళకన్నా వెనక్కి లాక్కుంటాడు, బరువు ముందుకు వేస్తాడు, అప్పుడు లేస్తాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఇది తెలియకుండానే జరిగిపోతుంది. మోకాలు పూర్తిగా వంగని మనిషికి పాదం వెనక్కి పోయే ఆ నాలుగంగుళాల జాగానే ఆధారం. దాన్ని నేను కర్రతో మూసేశాను. వెనక్కి వాలిన సీటు ఆమె బరువును వెనక్కే లాగుతోంది. చేతులు పొట్టిగా ఉండటంతో నొక్కి లేవడానికి పట్టు దొరకడం లేదు. నా కుర్చీలో మూడు తప్పులు, మూడూ అందం కోసం చేసినవి.

ఆ రోజు టేపు తీసి అమ్మను కొలిచాను. అరికాలు నుంచి మోకాలి వెనక మడత దాకా 15 పావు. కూర్చున్న చోటు నుంచి మోచెయ్యి దాకా 8. నడుము వెనక నుంచి మోకాలి మడత దాకా 17. మామూలుగా సీటు ఎత్తు మోకాలి మడతకు సమానంగా ఉండాలంటారు. లేవడానికి కష్టపడే మనిషికి అంతకన్నా ఎత్తు కావాలి. ఎక్కువ ఎత్తయితే పాదాలు వేలాడి తొడల కింద నొక్కుకుపోతుంది. ఇటుకల మీద బల్ల వేసి, ఒక్కో అరంగుళం పెంచుకుంటూ అమ్మను కూర్చోబెట్టి లేపి చూశాం. 16న్నర దగ్గర చెయ్యి నొక్కి లేచారు. 17 దగ్గర సులువుగా లేచారు. 18 దగ్గర మడమలు నేలకు ఆనలేదు. 17 ఖాయం చేశాం.

రెండో కుర్చీ కొలతలు అట్లా వచ్చాయి. నవారు అల్లిక కూర్చుంటే ముప్పావు అంగుళం దిగుతుంది కాబట్టి చట్రం 17 ముప్పావు ఎత్తు. లోతు 15న్నర, ఎక్కువ లోతుంటే మనిషి లోపలికి జారిపోతుంది. సీటు దాదాపు సమతలం. ముందు పట్టె పైఅంచు గుండ్రంగా, పక్క పట్టెలకన్నా అరంగుళం కిందకు, తొడకు కర్ర తగలకుండా. కింద అడ్డకర్ర ముందునుంచి 8 అంగుళాలు వెనక్కి జరిపి హెచ్ ఆకారంలో. చేతులు సీటుపై 8న్నర ఎత్తులో, సీటు అంచు దాటి ఒక అంగుళం ముందుకు, చివర అరచేతిలో పట్టేంత గుండ్రం. కాళ్ళు నిటారు. చాలాసేపు కూర్చుంటే పాదాలు పెట్టుకోవడానికి రెండంగుళాల ఎత్తు పీట విడిగా.

ఈ కుర్చీ మొదటిదానంత అందంగా ఉండదని అనుకున్నాను. పూర్తయ్యాక చూస్తే ఆ భయం పోయింది. దాని నిటారుతనంలో మన మంచం పోలిక ఉంది.

ఆ పోలిక మేస్త్రి వల్ల వచ్చింది. చేతుల్ని కాళ్ళకు స్క్రూలతో బిగిద్దాం అన్నాను నేను. "మంచం కోళ్ళకు మేకులు కొడతరా మేడం?" అని అడిగారు. నిజమే, పాత మంచాల్లో ఒక్క మేకు ఉండదు. పట్టె చివర సన్నగా చెక్కిన కుసి, కోడులో అది దూరే బెజ్జం, నులక బిగిస్తే ఆ లాగుడుకే అన్నీ కలిసి గట్టిగా నిలుస్తాయి. వదులైతే నులక మళ్ళీ బిగించుకోవచ్చు. కోడు విరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు. మా కుర్చీకీ అదే పద్ధతి. కాలి కుసి చేతిలోంచి పైకి వచ్చి కనిపిస్తుంది, మధ్యలో చిన్న చీలిక కొట్టి బిగించారు. నవారు వెనక పట్టె దగ్గర ముడేసి వదిలారు, ఏడాదికోసారి విప్పి బిగించుకునేట్టు.

కుర్చీ నుంచి గోడలకు

కుర్చీ తేలాక మంచం. డబుల్ కాట్ వద్దని ఇద్దరినీ ఒప్పించాను. రెండు పట్టె మంచాలు, ఒక్కోటి మూడుంపావు అడుగుల వెడల్పు, పరుపుతో కలిపి 18 అంగుళాల ఎత్తు. మధ్యలో మూడడుగుల జాగా, అక్కడ మంచినీళ్ళు, దీపం పెట్టే చిన్న స్టాండు. అవతల, ఇవతల రెండున్నర అడుగుల చొప్పున. ఎవరు ఏ పక్కనుంచైనా దిగవచ్చు, పట్టుకునే మనిషి పక్కన నిలబడవచ్చు. ఇవన్నీ కలిపితే గది వెడల్పు 14న్నర అడుగులు వచ్చింది. పొడుగు 11. ఆ గది చుట్టూ నాలుగు గీతలు గీస్తే అవే గోడలు.

కొత్త ఇల్లు మొత్తం 1,150 చదరపు అడుగులు. బెడ్‌రూం పెరిగింది కాబట్టి ఏదో ఒకటి తగ్గాలి. హాలు 10 బై 12కు తగ్గించాను. అబ్బాయి ఫోన్‌లో చాలాసేపు వాదించాడు. హాలు చిన్నదైతే చుట్టాలొస్తే ఎట్లా అని. నా నోట్‌బుక్‌లో ఉన్న రెండు రోజుల లెక్క ఫోటో తీసి పంపాను. వచ్చినవాళ్ళు 19 మంది, అందులో హాల్లోకి వచ్చినవాళ్ళు ఇద్దరు. మిగతా అందరూ అరుగు మీదే మాట్లాడి వెళ్ళారు. అందుకని హాల్లో తగ్గించిన జాగా అరుగుకు కలిపి ఏడడుగుల లోతు చేశాను. కుర్చీలు నాలుగు వేసినా మంచం ఒకటి వేసుకునేట్టు. దానికి చుట్టూ జాలీ, కోతుల కోసం. మా ఊళ్ళలో ఇల్లు కట్టేవాళ్ళు ఎవరైనా కోతుల్ని లెక్కలో వేసుకోవాలి. కూనపెంకుల పందిరి వేద్దామన్న నా ఆశ అక్కడే ఆగిపోయింది.

గడప దగ్గర పెద్ద చర్చ జరిగింది. బిగుసుకున్న కాళ్ళకు నాలుగంగుళాల గడప ప్రమాదం. ఇంట్లో ఎక్కడా గడపలు వద్దన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"గడప లేని ఇల్లు ఇల్లెట్లయితది బిడ్డా? శుక్రారం పసుపు యాడ రాయాలె?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. పాత ఇంటి గడపనే తీసుకుని మేస్త్రితో అంగుళం ఎత్తుకు చెక్కించాం, రెండువైపులా ఏటవాలుగా, కాలు తట్టుకోకుండా దాటేట్టు. ముందు దర్వాజకు అదొక్కటే. లోపల ఎక్కడా లేదు. దర్వాజ పక్కన గోడకు నిలువు కర్ర ఒకటి బిగించాం, పసుపు రాసేటప్పుడు వంగి లేవడానికి పట్టు. ఇప్పటిదాకా నేను చేసిన పనుల్లో ఆ గడప అంటే నాకు చాలా ఇష్టం.

గోడలు, స్లాబు గురించి ఎక్కువ రాయను, అవి చాలామందికి తెలిసినవే. ఇటుకలు నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే కట్టుబడి వాడాం, ఆర్కిటెక్ట్ లారీ బేకర్ పద్ధతి. ఇటుకా సిమెంటూ దాదాపు పావువంతు మిగులుతాయి, ఆ ఖాళీ వల్ల వేడి కొంత తగ్గుతుంది. కట్టే మేస్త్రి మొదటి వారం నమ్మలేదు. నేలకు తాండూరు బండలు, పాలిష్ లేకుండా గరుకుగా, తడి కాలు జారకుండా. బాత్‌రూం తలుపు మూడడుగులు, బయటికి తెరుచుకునేట్టు, లోపల పడితే తలుపు అడ్డం కాకుండా.

దూలాలు

పాత మిద్దె కూల్చినప్పుడు 12 టేకు దూలాలు దిగాయి. ఒక్కోటి 8 బై 6 అంగుళాలు, 11 అడుగుల పొడుగు. మొత్తం 44 ఘనపుటడుగులు. కూల్చడానికి వచ్చిన మనిషి ఆ దూలాలు తీసుకుని పని ఉచితంగా చేస్తానన్నాడు. సారు దాదాపు ఒప్పుకున్నారు. ఆపమని బతిమాలాను. ఆ టేకు ఇప్పుడు డిపోలో దొరికే టేకులాంటిది కాదు. వలయాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. తేమ మీటరు పెడితే 9 నుంచి 10 శాతం. దశాబ్దాలుగా ఆ ఇంటి కప్పు కిందే ఎండింది.

అయినా సులువుగా ఏం జరగలేదు. గోడలో ఉన్న చివర్లు అయిదు దూలాలకు చెదలు తిన్నాయి, ఒకటిన్నర అడుగు చొప్పున కోసి పారేశాం. దేవరకొండలో కోతమిల్లు వాళ్ళు పాత దూలం అనగానే వద్దన్నారు. లోపల మేకులుంటే బ్లేడు పోతుంది. చిలుకలు, ఉయ్యాల కొక్కేలు, ఎన్నెన్ని పెళ్ళిళ్ళకు మామిడి తోరణాలు కట్టిన మేకులు. మేస్త్రి, ఇద్దరు పిల్లలు అయస్కాంతం పట్టుకుని మూడు రోజులు వెతికి ఒక డబ్బా నిండా తీశారు. ఆ డబ్బా అమ్మ దగ్గరే ఉంది. అప్పుడు మిల్లు వాళ్ళు కోశారు. కోత పోగా 26 ఘనపుటడుగులు చేతికొచ్చింది. ఆరు కుర్చీలు, రెండు మంచాలు, స్టాండు, పీటలు, దేవుడి అర్ర తలుపులు, అరుగు మీద పొడుగు బల్ల, అన్నీ అందులోంచే.

బల్లకు తీసిన పెద్ద పలకలో నిలువునా ఒక పగులు ఉంది. నేను దాన్ని కోసేద్దామన్నాను. తర్వాత జార్జ్ నకషిమా గుర్తొచ్చారు. 1930ల చివర్లో పాండిచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండె అనే వసతి భవనం కట్టేటప్పుడు దాన్ని డిజైన్ చేసిన ఆంటోనిన్ రేమండ్ తరఫున అక్కడే ఉండి పని చూసిన ఆర్కిటెక్ట్ ఆయన. ఆ భవనానికి టేకు ఫర్నిచర్ కూడా ఆయనే గీశారు. తర్వాత అమెరికాలో పూర్తిగా చెక్కపనికే వచ్చేశారు. పలకలో పగులుంటే దాన్ని దాచకుండా రెండు రెక్కల చెక్క బిళ్ల అడ్డంగా పొదిగి ఆపేవారు. 1964లో అహ్మదాబాద్‌లోని డిజైన్ కాలేజీ ఎన్‌ఐడీకి వచ్చి అక్కడివాళ్ళతోనూ ఫర్నిచర్ చేయించారు. ఆ బిళ్ల బొమ్మ ఫోన్‌లో మేస్త్రికి చూపించాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "డమరుకం లెక్క ఉన్నది, చేస్త" అన్నారు. తుమ్మచెక్కతో మూడు బిళ్లలు చేసి పొదిగారు. టేకుకన్నా తుమ్మ గట్టిది, ఆ లాగుడుకు ఆగుతుంది. పగులు మీద సారు రోజూ పేపర్ పెట్టుకుని చదువుతారు.

ఈ పనిలో నా రెండో తప్పు వంటగది దగ్గర. డబ్బులు తగ్గించుకోవడానికి వంటింటి టేబుల్‌కు అక్కడే కొట్టిన వేపచెట్టు చెక్క వాడాను. మేస్త్రి ఇంకో ఎండాకాలం ఆరనిద్దాం అన్నారు. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని నేనే తొందరపెట్టాను. అంగుళం పలకకు ఏడాది ఆరుదల కావాలంటారు. దానికి దొరికింది నాలుగు నెలలు. 2023 మే ఎండలకు పలక పడవలా వంగింది, ఒక కాలు గాల్లో లేచింది. నా ఖర్చుతో మార్పించాను. గట్టు ఎత్తు కూడా అందరికీ వేసే 32 అంగుళాలే వేశాను. అమ్మ నిలబడి వండలేరు, అది నాకు ముందే తెలుసు, అయినా కుర్చీ దగ్గర చేసిన ఆలోచన గట్టు దాకా తీసుకురాలేదు. తర్వాత ఒక మూల మూడడుగుల మేర 27 అంగుళాలకు దించాం, కింద ఖాళీ ఉంచి, కుర్చీ లోపలికి జరిగేట్టు. కొత్త గట్టు పగలగొట్టించడం సారుకు బాధనిపించింది. నాకూ అంతే.

తర్వాత

గృహప్రవేశం 2023 ఫిబ్రవరిలో అయింది. ఆర్నెల్లకు, ఏడాదికి, మళ్ళీ మొన్న సంక్రాంతికి వెళ్ళి చూశాను. ఇది నా ఫీజులో భాగమని ముందే రాసుకుంటాను ఇప్పుడు, ఆ ఇంటి నుంచే మొదలైంది. మొదటిసారి వెళ్ళినప్పుడు అమ్మ అరుగు మీద కుర్చీలో ఉన్నారు. నన్ను చూడగానే రెండు చేతులూ నొక్కి లేచి ఎదురొచ్చారు. సారు పేపర్లోంచి తలెత్తలేదు. ఆయన తలెత్తకపోవడం చూసి నాకు కళ్ళు తడిశాయి. అంతకుముందు ఆమె కదిలితే చాలు ఆయన లేచేవారు.

ఏడాదికి నవారు వదులైంది, సీటు అరంగుళం కిందకు దిగింది. అమ్మ లేవడంలో తేడా వెంటనే తెలిసింది. పక్కింటి పిల్లాడితో విప్పించి బిగించుకున్నారట. కుర్చీ చేతుల చివర్లు అరచేతులకు నున్నగా మెరుస్తున్నాయి. మంచాల మధ్య మూడడుగుల జాగాలో ఇప్పుడు ఒక బియ్యం డబ్బా కూడా చేరింది. తీయించమని చెప్పాను, తీయించలేదు.

ఊళ్ళో వాళ్ళు కుర్చీలు అడగడం మొదలుపెట్టారు. ఇప్పటికి 11 చేశాం. అన్నీ ఒకే సైజులో చేస్తే చవకని మేస్త్రి కొడుకు అన్నాడు. అందులో నిజముంది. మొదటి కుర్చీకి ఆరు రోజులు పట్టింది, ఇప్పుడు మూడు రోజుల్లో అవుతోంది. ఎత్తు ఒకటే అయితే రెండు రోజుల్లో అవుతుంది. చాలా లెక్కలేసి 16, 17, 18 అని మూడు ఎత్తులు పెట్టుకున్నాం, లోతు, చేతులు మాత్రం మనిషిని బట్టి. మేస్త్రి చిన్నకొడుకు హైదరాబాద్ నుంచి నెలకు పది రోజులు వచ్చి తండ్రి దగ్గర కూర్చుంటున్నాడు. పూర్తిగా వచ్చేయమని నేను అడగను. ఇక్కడ నెలంతా పని నేనింకా చూపించలేను.

ఇప్పుడు ఏ ఇంటి పనికైనా ముందు రెండు రోజులు అక్కడ ఉంటాను. ఎవరెక్కడ కూర్చుంటారు, ఎట్లా లేస్తారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, చెయ్యి దేనికి ఆనిస్తారు. గోడ మీద నూనె మరక ఉందంటే రోజూ ఒక చెయ్యి అక్కడ ఆనుతోందని అర్థం, కొత్త ఇంట్లో ఆ ఎత్తులో పట్టు ఉండాలి. ఆ తర్వాత మంచం, కుర్చీ, గట్టు గీస్తాను. వాటి చుట్టూ మనిషి తిరిగే జాగా గీస్తాను. గోడ చివర్న వస్తుంది. దీనివల్ల డ్రాయింగులకు నెల ఎక్కువ పడుతోంది, కొందరు క్లయింట్లు ఆగలేక వెళ్ళిపోయారు కూడా. అయినా ఈ వరస మార్చుకోలేను.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు బయల్దేరే ముందు అమ్మ లోపలికి వెళ్ళి ఒక పసుపు దారం తెచ్చి నా చేతిలో పెట్టారు. దానికి రెండు ముడులు ఉన్నాయి. మర్రిగూడలో ఉన్న వాళ్ళ వదినదట. ఆమె బస్సెక్కి రాలేదు, నేనెప్పుడు వస్తానో తెలీదని పండక్కి పుట్టింటికి వెళ్ళినప్పుడు అమ్మే కొలిచి తెచ్చారు.

"మొదటి ముడి అరికాలు నుంచి మోకాలి మడత దాంక. రెండోది కూసున్న కాడికెళ్ళి మోచెయ్యి. నువ్వు నన్ను కొలిచినట్టే కొలిచిన, సూస్కో" అన్నారు.

దారాన్ని టేపు పక్కన పెట్టి చూశాను. మొదటి ముడి 14 ముప్పావు. అక్కడి నుంచి రెండో ముడికి ఏడున్నర. కారెక్కాక మేస్త్రికి ఫోన్ చేసి 16 చట్రం ఒకటి పక్కన పెట్టమని చెప్పాను.